పసుపు దారం కట్టిన బ్యాగు

మా అమ్మ ఛాయాదేవికి మంగళవారం ప్రయాణమంటే ఒళ్లు మంట. నేను టికెట్ చూపించగానే చేతిలో గరిటె అలాగే పట్టుకుని హాల్లోకి వచ్చేసింది.

"మంగళవారం పూట సముద్రాలు దాటుతావా? మతి గానీ పోయిందా తేజా నీకు?"

"అమ్మా, మా ముగ్గురు స్నేహితులకీ ఒకేసారి సెలవు దొరకడానికి రెండేళ్లు పట్టింది. పంచాంగం చూసి సెలవులిచ్చే మేనేజరు ఇంకా పుట్టలేదు."

"అయితే ప్రస్థానం పెట్టేద్దాం," అని గరిటెతోనే తీర్పు చెప్పేసింది.

ప్రస్థానం అంటే తెలియని వాళ్లకు చెబుతున్నా. బయల్దేరే రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచిరోజు చూసి మన సామాను మన గడప దాటించి వేరేవాళ్ల ఇంట్లో పెడతారు. ఆ ఘడియలోనే ప్రయాణం మొదలైపోయినట్టు. తర్వాత మనం ఏ రోజు బయల్దేరినా దార్లో ఆ సామాను అందుకుని పోవచ్చు. గుంటూరు నుంచి హైదరాబాదులో ఉప్పల్‌కి వచ్చి ముప్ఫై ఏళ్లయినా మా అమ్మ ఈ పద్ధతి వదల్లేదు. నా పదో తరగతి పరీక్షలప్పుడు నా అట్టా, పెన్నులూ రెండు రాత్రులు ఎదురింట్లో పడుకున్నాయి.

ఆదివారం దశమి, దివ్యంగా ఉందట. నా బ్యాగు పిడికి పసుపు దారం మూడు ముళ్లు వేసి కట్టింది. నాచారంలో నా స్నేహితుడు జీవన్ వాళ్లింట్లో పెట్టమంది. పైగా రెండు షరతులు. ఒకటి, ఆ బ్యాగుని మళ్లీ నా చేతికి ముత్తైదువే ఇవ్వాలి. రెండు, చేరాల్సిన ఊరు చేరేదాకా దాన్ని విప్పకూడదు.

"మధ్యలో విప్పావో, ప్రయాణం చెడుతుంది. నామీద ఒట్టు," అంది. ఒట్టు పెట్టాక ఇంకేం మాట్లాడతాం? నోరు మూసుకుని వెళ్లి పెట్టొచ్చాను.

ఇక్కడ మా ముగ్గురి సంగతి చెప్పాలి. జీవన్, కౌశల్, నేను డిప్లొమా నుంచీ స్నేహితులం. నేను సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేస్తాను. కౌశల్ హబ్సిగూడలో ఓ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాడు. జీవన్ మల్లాపూర్‌లో మెషిన్ షాపు సూపర్‌వైజరు. కానీ వాడి అసలు ప్రాణమంతా ఫోన్లో పెట్టే ప్రయాణాల వీడియోల మీదే. 'హద్దుల్లేని బతుకు' అని వాడి పేజీ పేరు. "బతికితే గిట్ల బతకాలె దోస్తులూ, అడ్డం లేదు, ఆపేటోడు లేడు" అని ప్రతి వీడియోలో చెయ్యి ఊపుతూ చెబుతాడు. లిమా ఆలోచన వాడిదే. పెరూ దేశపు పెద్ద పట్నం, భుజాన బ్యాగు, జేబులో మ్యాపు, హోటళ్లు వద్దు, డార్మిటరీల్లో పడక. బ్యాగులు కూడా వాడే తెప్పించాడు. ఒకే రకం బూడిద రంగువి నాలుగు. ముగ్గురికి మూడు, నాలుగోది వాళ్ల చెల్లెలు భవానికి.

ఆదివారం నా బ్యాగు తీసుకుని వెళ్లినప్పుడు గేటు తీసింది ఆ భవానే. దుర్గాభవాని పూర్తి పేరు. ఇరవై నాలుగేళ్లు, ఎలక్ట్రికల్ డిప్లొమా. కిందటేడు రైల్వేలో ఇంజను నడిపే ఉద్యోగానికి పరీక్ష రాస్తానంటే జీవన్ ఇల్లు పీకి పందిరేశాడు. "ఆడిపిల్లకు ఇంజన్ ఏందే? రాత్రి డ్యూటీలేంది? నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు. వాళ్ల నాన్న పోశయ్య ఫ్యాక్టరీ, ఇల్లు తప్ప మూడో మాట ఎత్తని మనిషి. దాంతో ఆ సంగతి అక్కడితో ముగిసిందనుకున్నాం మేమంతా.

"లోపల పెట్టు తేజన్నా, మా అన్న బ్యాగు పక్కన," అంది భవాని. ముందుగదిలో దివాన్ కింద అప్పటికే రెండు బూడిద బ్యాగులున్నాయి. నాది మూడోది. దానికొక్కదానికే పసుపు దారం. అమ్మ పెట్టిన షరతులు రెండూ జీవన్‌కీ వాళ్లమ్మకీ చెప్పి వచ్చాను.

మంగళవారం పొద్దున క్యాబులో నేనూ కౌశల్ నాచారం చేరేసరికి జీవన్ తన బ్యాగుతో గేటు దగ్గరే ఉన్నాడు. వాళ్లమ్మ వెంకటనర్సమ్మ గడప దగ్గర నిలబడి పసుపు దారమున్న బ్యాగు నా చేతికిచ్చింది. నేను ఆవిణ్ణి పెద్దమ్మా అంటాను.

"మీ అమ్మ చెప్పినట్టే నా చేత్తోని ఇస్తున్న కొడుకా. పైలంగ పోయి రా," అంది. ఎందుకో నా మొహంలోకి చూడలేదు. కొడుకు అంత దూరం పోతున్నాడన్న దిగులనుకున్నాను.

మూడు విమానాలు మారాం. దారిలో నా స్వెట్టర్ తీసుకుందామని చెయ్యి జిప్పు దాకా వెళ్లింది, అమ్మ ఒట్టు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. బుధవారం పొద్దున్నే లిమాలో దిగాం. సూర్యుడు లేడు, వానా లేదు. బూడిద రంగు ఆకాశం పట్నం మీద మూతేసినట్టుంది. మిరాఫ్లోరెస్ అనే పేటలో మా డార్మిటరీ. జీవన్ స్నానానికి పోయాడు. కౌశల్ కాఫీ వెతుక్కుంటూ వీధిలోకి పోయాడు. చేరాల్సిన ఊరు చేరాం కదా అని నేను బ్యాగు విప్పాను.

పైన గులాబీ రంగు చున్నీ.

ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. చున్నీ తీస్తే రెండు చుడీదార్లు, తువ్వాలు, ఆడవాళ్లు వాడుకునే ప్యాడ్ల పొట్లం, కొబ్బరినూనె సీసా. అడుగున ప్లాస్టిక్ ఫైలు. తెరిస్తే పదో తరగతి మెమో, డిప్లొమా మెమోలు, కుల ధ్రువీకరణ పత్రం, అన్నీ ఒరిజినల్సే. అన్నిటి పైన రైల్వే వాళ్ల లెటరు. "దుర్గాభవాని, అసిస్టెంట్ లోకో పైలట్, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు భోపాల్ శిక్షణ కేంద్రంలో ఒరిజినల్ సర్టిఫికెట్లతో హాజరు కావలెను. హాజరు కానిచో ఎంపిక రద్దగును."

ఓరి నాయనో! పై మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల పరీక్ష రాసింది. ప్యాసైంది. ఎవరికీ చెప్పకుండా ఇల్లు దాటబోతోంది. దాని బతుకంతా ఉన్న ఫైలు దేశం కాని దేశంలో, నా చేతుల్లో ఉంది!

బాత్రూములో జీవన్ పాడుతున్నాడు. ఇప్పుడు వాడు బయటికొచ్చి తన చెల్లెలి బట్టలు నా బ్యాగులోంచి బయటపడటం చూస్తే ఏమనుకుంటాడు? నేనే దాన్ని లేపుకుపోతున్నాననుకోడూ? అన్నీ గబగబా కుక్కి జిప్పు లాగేశాను. పిడి చూశాను. పసుపు దారం మా అమ్మ కట్టిందే. కానీ ముడి ఒక్కటే ఉంది. దారం ఊడిపోయి ఉంటుంది, పాపం పెద్దమ్మ చూసుకోక వేరే బ్యాగుకి కట్టేసిందనుకున్నాను.

ఫోన్ వైఫైకి తగిలించగానే భవాని మెసేజులు పదిహేడు పడ్డాయి. మెట్ల మీదికి పోయి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం.

"తేజన్నా! నా బ్యాగు నీ దగ్గర్నే ఉన్నదా?" ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "ఇక్కడ దివాన్ కింద విప్పి సూస్తే నీ చెడ్డీలు, గోంగూర పచ్చడి!"

"ఉంది భవానీ, ఫైలుతో సహా ఉంది. నువ్వేం చేశావే తల్లీ?"

"ఏం జెయ్యాలె మరి? అన్న ఉంటే పోనియ్యడు. అన్న లేని వారంలనే రిపోర్టింగ్ వచ్చింది, దేవుడే పంపిండు అనుకున్న. అందరు సర్దుతున్నరు గదా, నేను సర్దినా ఎవ్వరికి అనుమానం రాదని సర్ది పెట్టిన. శనివారం సాయంత్రం నా ట్రైను."

"ఫోటోలు తీసి పంపనా?"

"ఆఫీసుకు ఫోన్ జేసి అడిగిన. ఒరిజినల్సే కావాల్నంటున్నరు. గడువు ఇయ్యరట. అన్నా, నీ కాళ్లు మొక్కుత. మా అన్నకు మాత్రం చెప్పకు. తెలిస్తే ఆ కాయితాలు సముద్రంల ఏస్తడు. ఇంక నా బతుకు నాచారంలనే తెల్లారుతది."

మాటిచ్చాను. ఏ ధైర్యంతో ఇచ్చానో నాకే తెలియదు.

ఆ రోజు లిమా చూశానా అంటే చూశాను. ఏం చూశానంటే చెప్పలేను. ముందు ఒక కొరియర్ ఆఫీసు కనిపిస్తే నీళ్ల సీసా కొంటానని చెప్పి దూరాను. హైదరాబాదుకి ఎన్ని రోజులంటే ఆ అమ్మాయి వేళ్లు చూపించింది, ఏడు. నా ప్రాణం ఉసూరుమంది. తర్వాత చిన్న వ్యానెక్కి పాతపట్నం వెళ్లాం. తలుపు దగ్గర వేలాడుతూ ఒకడు "సూబె, సూబె, సూబె!", అంటే ఎక్కండి ఎక్కండి, అని జనాన్ని లోపలికి తోస్తున్నాడు. అచ్చం ఉప్పల్ రింగ్ రోడ్డులో "ఘట్‌కేసర్, ఘట్‌కేసర్" అని అరిచే ఆటోవాళ్ల గొంతే. కౌశల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పెద్ద చౌకు, పసుపు గోడలు, చెక్కతో చెక్కిన బాల్కనీలు. ఒక పాత మఠం కింద నేలమాళిగలో వేల మనుషుల ఎముకలు. ఒక గుంతలో పుర్రెలూ తొడ ఎముకలూ ముగ్గు వేసినట్టు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. కౌశల్ "అమ్మ బాబోయ్" అని నా భుజం పట్టుకున్నాడు. నేను మాత్రం భోపాల్ గురించి ఆలోచిస్తున్నాను. పుర్రెలు కూడా నన్ను కదిలించలేదంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి.

"ఏందిరా, గా ఇస్త్రీ పోయిన చొక్కానే ఏసుకుని తిరుగుతవా? బట్టలు మార్చుకోవా?" అన్నాడు కౌశల్.

"బ్యాగు తాళం జామైంది," అన్నాను. నా బ్యాగుకి అసలు తాళమే లేదు. కౌశల్‌కి ఆ సంగతి తట్టలేదు. జీవన్ మాత్రం ఏమీ అనలేదు. నా చొక్కాకి గుండీ ఊడినా వంద ప్రశ్నలు వేసే జీవన్, పక్కకి తిరిగి వీధి చివర ఏదో వీడియో తీసుకున్నాడు. హమ్మయ్య, బతికిపోయానని సంతోషించాను. ఎంత మొద్దునో చూడండి. బజారులో ఒంటెలాంటి మెడ ఉండే అక్కడి జంతువు లామా బొమ్మేసిన టీషర్టు కొనుక్కుని అదే తొడుక్కున్నాను.

సాయంత్రం సముద్రం పక్కన కొండ అంచున కూర్చున్నాం. నల్లమొక్కజొన్న కాచిన ఊదారంగు పానకం తాగుతూ జీవన్ మొదలుపెట్టాడు.

"సూసిన్రా? గిదీ బతుకంటే. మనిషన్నోడు ఇల్లు దాటాలె. దాటకపోతే ఏం తెల్వది."

"భవానిని కూడా తీసుకొస్తే బాగుండేది," అన్నాను. నోరు జారిందో, కావాలనే అన్నానో.

"దాన్నా?" నవ్వాడు. "దానికి నాచారం నుంచి హబ్సిగూడ దాక పోనీకే మెట్రో ఉన్నది సాలదా?"

కౌశల్ కూడా నవ్వాడు. నేను పానకం గ్లాసు పక్కన పెట్టేశాను. జీవన్ మంచివాడు. నాకు డెంగ్యూ వచ్చినప్పుడు ప్లేట్లెట్ల కోసం అర్ధరాత్రి ఊరంతా తిరిగినవాడు. అలాంటివాడి నోట ఆ మాట వింటుంటే ఎవరో కొత్తవాడి పక్కన కూర్చున్నట్టు అనిపించింది.

గురువారం పొద్దున పట్నం మీదుగా పోయే రైలెక్కుదామన్నాడు జీవన్. స్తంభాల మీద పోయే రైలు, కింద ట్రాఫిక్కు, మన ఉప్పల్ మెట్రోలాగే. చివరి స్టేషన్లో దిగాం. అక్కడ డ్రైవరు ఈ చివరి క్యాబిన్లోంచి దిగి ప్లాట్‌ఫామ్ మీదుగా ఆ చివరికి నడుస్తోంది. అవును, నడుస్తోంది. ముప్ఫై ఏళ్లుంటాయేమో, నీలం యూనిఫాం, బిగించి కట్టిన జడ, చేతిలో తాళంచెవుల గుత్తి.

జీవన్ కళ్లు మెరిశాయి. "అరే! లేడీ డ్రైవర్రా! మస్తు గదా!" అని పరిగెత్తాడు. సైగలు చేసి అడిగాడు. ఆమె నవ్వి నిలబడింది. కౌశల్ ఫోటో తీశాడు. ఆమె వెళ్లిపోయాక జీవన్ అక్కడే నిలబడి పేజీలో ఫోటో పెట్టేసి, రాసింది మాకు చదివి వినిపించాడు.

"లిమాల రైలు నడుపుతున్న అక్కకు సలాం. ఆడిపిల్లను ఆపకున్రి దోస్తులూ, ఆమె బతుకుబండి ఆమెనే నడుపుతది. ఎట్లుంది?"

మాటిచ్చిన సంగతి, వాడి కోపం సంగతి, అన్నీ మరిచిపోయాను.

"సిగ్గుందారా నీకు? అక్కడ నీ చెల్లెలు అదే ఉద్యోగం తెచ్చుకుంది! సోమవారం చేరాలి! దాని సర్టిఫికెట్లు పొరపాటున నా బ్యాగులో వచ్చేశాయి! నిన్నటి నుంచి నీకు చెప్పడానికి భయపడి చస్తున్నా!"

కౌశల్ నోరు తెరిచాడు. జీవన్ తెరవలేదు. ఫోన్ నెమ్మదిగా జేబులో పెట్టుకున్నాడు.

"నాకు తెల్సు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"పొరపాటున రాలే. నేనే పంపిన."

ఇప్పటికీ ఆ మాట నా చెవిలో ఉంది. వాడు అరవలేదు, తడబడలేదు. మెషిన్ షాపులో ఏ పని ఎట్లా చేశాడో చెప్పినట్టు వరసగా చెప్పాడు. సోమవారం చెల్లెలి బ్యాగు బరువుగా ఉంటే అనుమానమొచ్చి విప్పి చూశాడట. లెటరు దొరికిందట. ఇంట్లో ఎక్కడ దాచినా అది వెతుక్కుంటుంది. చింపితే కేసయినా పెడుతుంది. అందుకని నా బ్యాగు దారం విప్పి దాని బ్యాగుకి కట్టాడట.

"సోమారం దాటితే సాలు, నౌకరీ కాన్సిల్ అయితది. గిన్ని సముద్రాలు దాటినంక అదేం జేస్తది? నువ్వు మీ అమ్మ ఒట్టు దాటి దార్ల విప్పవని నాకు ఎరుకే."

"నీ బ్యాగులోనే పెట్టుకు రావచ్చు కదా?"

"నా బ్యాగుల ఉంటే నా మీదికొస్తది. నీ బ్యాగైతే ప్రస్థానంల మారిందనుకుంటరు." భుజాలెగరేశాడు. "దాని మంచికేరా. పగోణ్ణి లెక్క సూస్తవేంది?"

నేను వాణ్ణి కొట్టలేదు. కొట్టాల్సింది. నిజం చెప్పాలంటే చెయ్యి లేవలేదు. మా అమ్మ పసుపు దారం, పెద్దమ్మ దీవెన, నా స్నేహం, అన్నీ కలిపి ఆ పిల్లకి ఉరితాడు పేనాడు. ఆ తాడు మోసుకుంటూ వచ్చింది నేను!

"కౌశల్, ఇవాళ విమానముందేమో చూడు. నాకొక్కడికి," అన్నాను.

కౌశల్ అక్కడే బెంచీ మీద కూర్చుని ఫోన్లో వెతికి టికెట్ మార్చాడు. మూడింటికి విమానం. శనివారం పొద్దున హైదరాబాదు.

డార్మిటరీలో బ్యాగు భుజాన వేసుకుంటుంటే జీవన్ పట్టీ పట్టుకున్నాడు. "ఫైలు ఇడిసిపెట్టి పో."

"చెయ్యి తియ్యి."

"అది మా ఇంటి ముచ్చట తేజా. నీకేం పని?"

"నా భుజం మీద పెట్టి పంపినప్పుడు ఏమైందిరా మీ ఇంటి ముచ్చట? చెయ్యి తియ్యి!"

అరిచానేమో, మిగతా మంచాల మీద వాళ్లు లేచి కూర్చున్నారు. కౌశల్ వచ్చి మా మధ్య నిలబడ్డాడు. జీవన్ పట్టీ వదిలేశాడు.

"రేపు దానికేమన్నైతే నువ్వే జిమ్మెదార్. మన దోస్తానా ఈడికెల్లి ఖతం," అన్నాడు.

"ఖతం," అన్నాను. మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది. పద్నాలుగేళ్ల స్నేహం మరి. రెండేళ్లు కలగన్న ఊరు. ఒక రోజున్నర చూశాను.

దారిలో ఒక విమానాశ్రయంలో వైఫై దొరికితే భవానికి ఒక్క ముక్క పెట్టాను. "శనివారం పన్నెండింటికి ఉప్పల్ స్కైవాక్ మీద ఉండు." జీవన్ చేసింది రాయలేదు. రాయడానికి వేళ్లు రాలేదు. ఊరు వదిలి వెళ్లే పిల్ల ఆ విషం మోసుకుపోవడం ఎందుకు, పొరపాటనే అనుకోనీ అనుకున్నాను. బ్యాగు మాత్రం ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటు పెద్దాయన పైన పెట్టుకోమని రెండుసార్లు చెప్పాడు, వినలేదు.

శనివారం ఎయిర్‌పోర్ట్ బస్సు ఉప్పల్ రింగ్ రోడ్డులో దింపింది. ఎండ మండుతోంది. ఆటోలు, బజ్జీల బండి, వరంగల్ బస్సుల కోసం జనం. లామా టీషర్టు, నాలుగు రోజుల గడ్డం. నన్ను చూసి పండ్లమ్మే ఆవిడ పక్కకి జరిగింది. మెట్లెక్కి స్కైవాక్ మీదికొచ్చాను. రెయిలింగు పక్కన భవాని, భుజాన నా బూడిద బ్యాగు. ఆ పక్కన మనిషిని చూసి అక్కడే ఆగిపోయాను.

వెంకటనర్సమ్మ పెద్దమ్మ.

అయిపోయింది, ఇంట్లో తెలిసిపోయింది, ఈ పిల్లని పోనివ్వరు, ఇంతదూరం వచ్చిందంతా గంగలో కలిసిందనుకున్నాను.

భవాని పరిగెత్తుకొచ్చి నా భుజం మీది బ్యాగు లాక్కుని, అక్కడే నేల మీద కూలబడి ఫైలు తీసింది. ఒక్కో కాగితం వేలితో తడుముతూ చూసుకుంది. అన్నీ ఉన్నాయి. మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

"మెసేజ్ జూసి ఏడుస్తుంటే అమ్మ అడిగింది. అంత చెప్పేసిన. నేను గూడ వస్త అన్నది," అంది నావైపు చూడకుండానే. "అంత నా నసీబు తేజన్నా. ఎట్ల మారినయో ఏమో బ్యాగులు. నీ ప్రయాణం గూడ పాడయింది."

"పోనీలే, పొరపాటు..." అన్నాను.

"పొరపాటు గాదు," అంది పెద్దమ్మ.

నేను ఆవిడ వైపు చూశాను. ఈసారి ఆవిడ నా మొహంలోకి సూటిగా చూసింది.

"సోమారం నాడు నీ అన్న దారం ఇప్పి నీ బ్యాగుకు కట్టిండు బిడ్డా. నేను పూజ గది కాడ ఉన్న. కండ్లార సూసిన."

భవాని తల ఎత్తింది. చేతిలో మెమో అలాగే ఉండిపోయింది.

"ఏమన్నవమ్మా?"

"సూసిన. ఎందుకు కడుతున్నడో సమజయింది. నీ బ్యాగుల ఏమున్నయో నాకు అంతకుముందే ఎరుకే. నువ్వు సర్దుతుంటే సూడనా? నువ్వు పోతవని ఎరుక, వాడు ఆపుతుండని ఎరుక." పెద్దమ్మ గొంతు వణకలేదు, అది ఇంకా భయంగా ఉంది. "నాకు భయమైంది. నువ్వు పోతే ఇల్లు ఎట్లుంటదోనని భయమైంది. పొద్దుగాల ఈ రెండు చేతులతోనే తీసి తేజకు ఇచ్చిన. పైలంగ పోయి రా కొడుకా అని దీవెన గూడ ఇచ్చిన."

ఇంత దూరం మోసుకొచ్చిన బ్యాగులో ఈ బరువు కూడా ఉందని నాకేం తెలుసు? కింద ఆటోవాళ్లు "ఘట్‌కేసర్, ఘట్‌కేసర్" అని అరుస్తున్నారు. భవాని తల్లినే చూస్తోంది. తిట్టలేదు, అరవలేదు. అన్న చేసిందాని గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. తల్లి మొహం మీంచి చూపు మరల్చనే లేదు.

చాలాసేపటికి కాగితాలన్నీ ఫైల్లో పెట్టి, ఫైలు బ్యాగులో పెట్టి జిప్పు లాగింది. పెద్దమ్మ వంగి ఆ బ్యాగు ఎత్తబోయింది. ఎత్తి చేతికిద్దామని, అంతే. పిడికి ఆ పసుపు దారం ఇంకా ఉంది.

"ఇయ్యి బిడ్డా, ఈసారి నీకిస్త," అంది.

భవాని తల్లి చేతులు చూసింది. తర్వాత ఆ పిడి మీద చెయ్యేసి, దారం తెంపి రెయిలింగు పక్కన పడేసింది. బ్యాగు తానే ఎత్తి భుజాన వేసుకుంది.

"వద్దమ్మా. నేను తీసుకుంట," అంది.

నా బ్యాగు నా కాళ్ల దగ్గర పెట్టి, నాకు దండం పెట్టి, మెట్రో వైపు నడిచింది. పెద్దమ్మ చేతులు అలాగే ముందుకు చాచి ఉన్నాయి. వాటిని ఎప్పుడు దించిందో నేను చూడలేదు.